గోల సగమే వచ్చింది, మిగతా సగం పంపండి

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

విషయం: అమెరికన్ రాక్ గాయకుడు లూ రీడ్ ఆల్బం 'మెటల్ మెషీన్ మ్యూజిక్' కొత్త ముద్రణ, రెండు ఎల్పీల (పెద్ద గ్రామఫోన్ రికార్డుల) సెట్టు. అంతకన్నా ముఖ్యంగా, మీ సిబ్బంది.

అయ్యా,

మీ వాళ్ళు నా ఫిర్యాదును మళ్ళీ "పరిష్కారమైంది" అని మూసేశారు. మూసేసి, మా సేవ ఎలా ఉందో చెప్పండంటూ ఐదు నక్షత్రాలు పంపారు. పక్కన రాయడానికిచ్చిన గడిలో రెండు ముక్కలకు మించి పట్టవు, అందుకే ఈ ఉత్తరం. మీ యాప్‌లో "మీ భాషలోనే మాట్లాడండి" అని రాసుకున్నారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. చదివించుకోండి.

సరుకు సంగతి ముందే చెప్పేస్తాను. సెట్టులో రెండు రికార్డులు, నాలుగు వైపులు. రెండో రికార్డు మీద 3, 4 అని లేబుళ్ళున్నాయి గానీ గాడి, అంటే శబ్దం చెక్కిన గీత, మొదటి రికార్డుదే. అంటే ఒకే రికార్డును రెండుసార్లు అమ్మారు. ముద్రణలో పొరపాట్లు జరుగుతాయి, దానికి కోపం లేదు. ఇంత చిన్న మాట మీ కంపెనీలో ఒక్కరి చెవికీ ఎక్కకపోవడమే కోపం.

మొదట చాట్‌లో మీ యంత్రం పలికింది. ఏ పాట రావడం లేదో ఎంచుకోమంది. ఇందులో పాటలే లేవండీ. 1975లో లూ రీడ్ గిటార్లను ఆంప్లిఫయర్లకు ఎదురుగా పెట్టి, అవి వాటంతటవే పెట్టిన కేకల్ని టేపు వేగం మార్చి మార్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి గంటకు పైగా నడిపిన గోల ఇది. గొంతు లేదు, తాళం లేదు. పాట పేరు నింపకపోతే మీ ఫారం కదలదు. "నాలుగో వైపు" అని రాస్తే "ఈ పాట మా జాబితాలో లేదు" అంది. మరి అమ్మిందెవరో!

తర్వాత ఫోన్. మీ హోల్డ్ ట్యూను చిన్న ముక్క. అయిపోగానే మొదటికొస్తుంది, మధ్యలో "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని ఒక ఆడగొంతు. దాని తర్వాత దొరికిన అబ్బాయి చాలా మర్యాదస్తుడు. "గోలగా వస్తోందా సార్? ఎర్త్ వైరు బిగించి చూడండి" అన్నాడు. ఎర్త్ సరిగా లేకపోతే వచ్చేది 50 హెర్ట్జ్ దగ్గర మంద్రంగా, ఆగకుండా సాగే గుయ్ మనే చప్పుడు; ముల్లు రికార్డు మీద నుంచి ఎత్తినా అది ఆగదు. ఇక్కడ ముల్లు ఎత్తితే అంతా నిశ్శబ్దం. పైగా గోల నా ఫిర్యాదు కాదు, నేను డబ్బిచ్చి కొన్నదే గోల అని చెప్పాను. "అయితే సమస్య తీరిపోయింది కదా సార్" అని సంతోషంగా మూసేశాడు.

మళ్ళీ తెరిపిస్తే వీడియో అడిగారు. పంపితే "శబ్దం స్పష్టంగా లేదు, నిశ్శబ్దంగా ఉన్న గదిలో తీసి పంపండి" అని తిప్పికొట్టారు. గది నిశ్శబ్దంగానే ఉంది, అందులో మోగుతున్నది మీ రికార్డు.

ఆపైన ఒక సీనియర్‌గారు వచ్చి, "నాలుగు వైపులా గోలే అయితే రెండూ ఒకటేనని మీరెలా చెప్పగలరు?" అన్నారు. ఇన్ని ఫోన్లలో పనికొచ్చే ప్రశ్న ఇదొక్కటే. అందుకే వివరంగా జవాబిచ్చాను, మీరూ వినండి. గాడి ముగిశాక, లేబుల్‌కు ముందు నున్నటి నల్లటి పట్టీ ఉంటుంది. టార్చిని ఏటవాలుగా పట్టుకుంటే అక్కడ గీసిన మ్యాట్రిక్స్ నంబరు, అంటే అది ఏ రికార్డు ఏ వైపో చెప్పే గుర్తు, కనిపిస్తుంది. రెండు రికార్డుల మీదా అది అక్షరం పొల్లుపోకుండా ఒకటే, చివర్లో ఏ, బీ. రెండో దాని మీద సీ, డీ ఉండాలి. చాలదంటే, ఒకటో వైపూ మూడో వైపూ మొదటి అర నిమిషం రికార్డు చేసి కంప్యూటర్లో ఒకదాని కింద ఒకటి పెట్టండి. ప్లేయర్ వేగం కొద్దిగా ఊగుతుంది కాబట్టి గీతకు గీత అతకదు గానీ, పెద్ద శిఖరాలన్నీ ఒకే వరసలో వస్తాయి. ఆ ఫొటోలూ ఆ బొమ్మా పంపాను. "ఈ నంబరు మా సిస్టంలో లేదు, బార్‌కోడ్ చెప్పండి" అన్నారు. బార్‌కోడ్ అట్ట మీద ఉంటుంది, సెట్టు మొత్తానికి ఒక్కటే. లోపల ఏ రికార్డు పడిందో దానికేం తెలుసు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఇక నాలుగో వైపు. మామూలు రికార్డు చివర్లో ముల్లు ఒక వలయంలోకి చేరి ఊరికే తిరుగుతుంది, అక్కడ శబ్దం ఉండదు. ఈ ఆల్బంలో మాత్రం నాలుగో వైపు చివరి వలయంలోనూ గోల కోసి ఉంటుంది. నిమిషానికి 33⅓ చుట్లు కాబట్టి 1.8 సెకన్ల తునక, ఎవరైనా లేచి ముల్లు ఎత్తేదాకా తిరుగుతూనే ఉంటుంది. 1975 నాటి లేబుల్ మీద ఆ వైపు నిడివి 16:01 అని వేసి, పక్కనే అనంతం గుర్తు కూడా వేశారు. మీ అమ్మకాల పేజీలో ఈ సంగతే గొప్పగా రాసుకున్నారు. నాకు వచ్చిన దానిలో ముల్లు చివరికెళ్ళి మౌనంగా కూర్చుంటోంది. ఇదంతా చెబితే మీ సిబ్బందిలో ఒకమ్మాయి "ముల్లు ఇరుక్కుంటోంది" అని రాసుకుని, ముల్లు శుభ్రం చేసే విధానం మెయిల్ చేసింది. ఇంకొకరు అది చదివి "ఇరుక్కోవడం ఈ ఆల్బం ప్రత్యేకత, లోపం కాదు" అని మళ్ళీ మూసేశారు. లోపం ఏమిటంటే అది ఇరుక్కోకపోవడం!

పోరగా పోరగా మార్పిడి ఒకటి పంపారు. అందులోనూ అదే తప్పు. ఎందుకు ఉండదు? ఎల్పీ లేబుల్ తర్వాత అంటించేది కాదు, వేడి వినైల్ ముద్దతో పాటే ప్రెస్సులో పడుతుంది. స్టాంపర్లు, అంటే గాడిని ఒత్తే అచ్చులు, మార్చకముందే రెండో రికార్డు లేబుళ్ళు ఎక్కిస్తే, గమనించేదాకా తీసినవన్నీ ఇలాగే వస్తాయి, ఒకే పెట్టెలోకి చేరతాయి. మీరు అదే పెట్టెలోంచి ఇంకోటి తీసి పంపి, "ఒక ఆర్డరుకు ఒక్కసారే మార్పిడి" అంటున్నారు. డబ్బు వెనక్కి ఇమ్మంటే "సీలు తీశారు కదా" అంటున్నారు. సీలు తీయకుండా గాడి చూడగల ఉపాయముంటే మీ సీనియర్‌గారు నాకూ నేర్పాలి.

ఒకరైతే "ఇదెవరు వింటారు సార్?" అని నవ్వారు. తనకు తెలిసినవాళ్ళెవరూ, తానూ కూడా దీన్ని పూర్తిగా వినలేదని లూ రీడే అట్ట మీద రాసుకున్నాడు, అది వేరే సంగతి. జర్మన్ సంగీతకారుడు ఉల్రిక్ క్రీగర్ మాత్రం కూర్చుని విని, వాద్యాలకు నొటేషన్ రాశాడు. 2002లో బెర్లిన్‌లో త్సైట్‌క్రాట్సర్ బృందం దాన్ని వాయించింది. ఒక వైపుకూ ఇంకో వైపుకూ తేడా ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? 1975లో దీన్ని కొన్న చాలామంది దుకాణాలకు తిరిగి తెచ్చేశారు. ఈ గోల వద్దు మొర్రో అన్నవాళ్ళ దగ్గర ఆ రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. మిగతా గోల కూడా కావాలి బాబూ అంటున్నవాడిని మీరు తిప్పలు పెడుతున్నారు.

మీరు ఒక చిన్న గదిలో దుకాణం పెట్టి, చేత్తో చీటీ రాసి పార్సిల్ కట్టే రోజుల నుంచి మీ దగ్గరే కొంటున్నాం. కెప్టెన్ బీఫ్‌హార్ట్, స్కాట్ వాకర్ లాంటి వింత సంగీతకారుల రికార్డులు అడిగే నలుగురినీ మీ దగ్గరికే పంపాం. అప్పుడు ఫోనెత్తినవాళ్ళకు మ్యాట్రిక్స్ నంబరంటే తెలుసు.

నాకు డబ్బు అక్కర్లేదు, రెండో రికార్డు కావాలి. అది లేకపోతే మొత్తం డబ్బు, కొరియర్ ఖర్చుతో సహా. ఆ "పరిష్కారమైంది" అన్న మాట కొట్టేసి ఒక మనిషి సంతకంతో జవాబు కూడా కావాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టంతో నేనున్న ఊళ్ళోనే కేసు వేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. అక్కడ నాలుగు వైపులూ వినిపించమని కోరతాను, మీ వకీలు కూర్చుని వినాలి.

కొత్తది పంపే ముందు పెట్టె విప్పించి, రెండో రికార్డు నల్ల పట్టీ మీద సీ, డీ ఉన్నాయో లేదో చూడండి. నాలుగో వైపు చివరి రెండు నిమిషాలు వినండి. ప్లేయర్ ఆటోమేటిక్ అయితే మాన్యువల్‌లో పెట్టండి, లేకపోతే అదే ముల్లు ఎత్తేసి మిమ్మల్ని మోసం చేస్తుంది. సీలు పోయిందని నేనేమీ అనుకోను. ఎర్త్ వైరు గురించి మాత్రం ఇక ఎవరూ ఫోన్ చేయొద్దు.

ఇట్లు,
మీ పాత కస్టమర్

జత: మ్యాట్రిక్స్ ఫొటోలు, రెండు బిల్లులు, "పరిష్కారమైంది" అన్న మీ మెయిళ్ళన్నీ.