అమ్మోనియా నెత్తిమీద ఆ రెండు చుక్కలు

అమ్మలూ,

ఆదివారం ఫోన్‌లో నువ్వు అడిగినదానికి పూర్తిగా చెప్పేలోపే టైమైపోయిందని పెట్టేయాల్సొచ్చింది, అందుకే కూర్చుని రాస్తున్నా. బాండ్ యాంగిల్, అంటే అణువులో బాండ్ల మధ్య కోణం, అమ్మోనియాకి 107 డిగ్రీలు, అమ్మోనియంకి 109.5, నీళ్ళకి 104.5, అన్నీ బట్టీ పట్టేశాను నాన్నా కానీ పరీక్షలో కలిసిపోతున్నాయి అన్నావు కదా. బట్టీ పట్టకు తల్లీ. కెమికల్ బాండింగ్ బట్టీకి లొంగే చాప్టర్ కాదు. లోన్ పెయిర్, అంటే ఎవరితోనూ పంచుకోని ఎలక్ట్రాన్ల జంట, ఎక్కడుంది, అది ఏం చేస్తోంది అని చూడటం ఒక్కటి అలవాటు చేసుకో చాలు, నా మాట విను.

నైట్రోజన్ బయటి షెల్‌లో 5 ఎలక్ట్రాన్లు ఉన్నాయా, అందులో మూడు తీసి మూడు హైడ్రోజన్లతో పంచుకుంది, మిగతా రెండూ ఎవరితోనూ పంచుకోకుండా జంటగా దాని దగ్గరే ఉండిపోయాయి, అదే లోన్ పెయిర్. 1916లో లూయిస్ అనే రసాయన శాస్త్రవేత్త చెప్పిన పద్ధతిలో నువ్వు నైట్రోజన్ నెత్తిమీద పెట్టే రెండు చుక్కలు అవే. పిల్లలు చుక్కలు పెట్టేసి మర్చిపోతారు, అక్కడే వస్తుంది చిక్కంతా.

మీ హాస్టల్లో కొబ్బరీనెల చీపురు ఉంటుందిగా, నాలుగు ఈనెలు ఒక్క పొడుగులో విరిచి చపాతీ పిండి ఉండకి గుచ్చు. ఒక్కో ఈనె ఒక ఎలక్ట్రాన్ జంట అనుకో, జంటలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండాలి, అదే షరతు. కాగితం మీద ప్లస్ గుర్తులా గీస్తే మధ్యలో 90 డిగ్రీలే వస్తుంది, అదే ఉండకి పైనా కిందా పక్కలా తిప్పుకుని గుచ్చితే 109.5 వరకూ ఎడం దొరుకుతుంది. మీథేన్ అదే, నాలుగూ బాండ్లే కాబట్టి సరిగ్గా 109.5. అమ్మోనియాలో మూడు ఈనెలు బాండ్లు, నాలుగోది లోన్ పెయిర్. బాండ్‌లో ఉన్న జంటని రెండు కేంద్రకాలు చెరో వైపు లాగి పట్టుకుంటాయి, లోన్ పెయిర్‌ని పట్టుకునేది నైట్రోజన్ ఒక్కటే కాబట్టి అది కాస్త వెడల్పుగా పరుచుకుని మిగతా మూడింటినీ దగ్గరికి నెడుతుంది, అందుకని 107. నీళ్ళలో ఆక్సిజన్‌కి లోన్ పెయిర్లు రెండు, ఇంకా ఎక్కువ నెట్టి 104.5. ఇందులో బట్టీ పట్టేది ఏముంది చెప్పు?

ఇప్పుడు అమ్మోనియం. హైడ్రోజన్ అయాన్ దగ్గర ఎలక్ట్రాన్ ఒక్కటి కూడా లేదు. అమ్మోనియా తన లోన్ పెయిర్ ఇచ్చి దాన్ని కలుపుకుని ప్లస్ చార్జి ఉన్న అమ్మోనియం అవుతుంది, రెండు ఎలక్ట్రాన్లూ ఒక వైపు నుంచే వచ్చాయి కాబట్టి డేటివ్ బాండ్ అంటాం. బాండ్ పడ్డాక మాత్రం నాలుగూ ఒకటే, ఏది ముందు వచ్చింది ఏది తర్వాత వచ్చింది అని చెప్పలేం. నెట్టడానికి లోన్ పెయిర్ లేదు, యాంగిల్ మళ్ళీ 109.5కి వచ్చేసింది.

ఈ రెండిటికీ తేడా మన చెరువులో ఎంత ఉంటుందో తెలుసా? మొన్న రెండో చెరువు నీళ్ళు కిట్‌లో చుక్కలేసి చూస్తే పసుపు కాస్తా ఆకుపచ్చలోకి తిరిగింది. ఆ కిట్ చూపించేది అమ్మోనియా, అమ్మోనియం రెండూ కలిపిన మొత్తం. అందులో రొయ్యని చంపేది ముఖ్యంగా అమ్మోనియానే, దానికి చార్జి లేదు గనక మొప్పల పొరలోంచి దూరిపోతుంది. అమ్మోనియంకి చార్జి ఉంది, నీటి అణువులు చుట్టూ మూగి పట్టుకుంటాయి, అంత తేలిగ్గా దాటలేదు. ఏది ఎంత ఉందనేది పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల క్షార గుణం కొలత, తేలుస్తుంది. 25 డిగ్రీల మంచినీళ్ళలో పీహెచ్ 8 ఉంటే మొత్తంలో నూటికి 5 పాళ్ళే అమ్మోనియా, అదే 9 అయితే 36 పాళ్ళు, వేడెక్కితే ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం ఎండలో నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేసుకోవడంతో పీహెచ్ పెరుగుతుంది కాబట్టి పొద్దున బాగానే ఉన్న చెరువు మూడింటికల్లా ప్రమాదంలో పడుతుంది. బాబాయ్ సున్నం కొడదామన్నాడు, వద్దన్నాను, సున్నం పడితే పీహెచ్ పెరిగి ఉన్న అమ్మోనియం కూడా హైడ్రోజన్ అయాన్ వదిలేసి అమ్మోనియా అయి కూర్చుంటుంది. మేత తగ్గించి, ఏరేటర్లు ఆపకుండా తిప్పి, కాలవ నీళ్ళు కొంచెం కొంచెంగా మార్చాం. రొయ్యలు బాగానే ఉన్నాయి, చెక్ ట్రేలో మేత తింటున్నాయి, నువ్వేం బెంగ పెట్టుకోకు.

ఇంకోటి, పరీక్షల్లో తరచూ అడిగేది. డైపోల్ మూమెంట్ అంటే అణువులో ప్లస్, మైనస్ చార్జీలు ఎంత ఎడంగా జరిగాయో చెప్పే కొలత, డిబైల్లో చెబుతారు. అమ్మోనియాది 1.47 డిబై, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌ది 0.23 మాత్రమే. ఫ్లోరిన్ అంత బలంగా లాగుతుంటే తక్కువెందుకు? మళ్ళీ ఆ లోన్ పెయిరే. అమ్మోనియాలో ఎలక్ట్రాన్లు నైట్రోజన్ వైపు జరుగుతాయి, లోన్ పెయిరూ అటే, రెండూ కలిసొస్తాయి. రెండో దాంట్లో ఫ్లోరిన్లు ఇటు లాగుతాయి, లోన్ పెయిర్ అటు ఉంటుంది, చాలా వరకు కొట్టేసుకుంటాయి. బాణాలు గీసుకుని చూడు, తెలిసిపోతుంది.

ఇంక నీకో ప్రశ్న. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ ఆరే ఎలక్ట్రాన్లు, బల్లపరుపుగా 120 డిగ్రీలతో ఉంటుంది. దాన్ని అమ్మోనియాతో కలిపితే ఎవరు ఎవరికి ఏం ఇస్తారు, బోరాన్ ఆకారం ఏమవుతుంది? గీసి ఉంచు, ఈసారి ఫోన్‌లో ముందు అదే అడుగుతా.

మీ నాన్న