బురుజుపేట గుడిలో మా అత్తయ్యగారికి ఆసరా అయినవాళ్లకి

మార్గశిరం అయిపోయింది. ఇప్పటికైనా ఈ నాలుగు ముక్కలూ రాయకపోతే బాగుండదు. తమ పేర్లు పెట్టొద్దని కొందరు ముందే ఒట్టు వేయించుకున్నారు, కొందరి పేర్లు నాకసలు తెలియవు. అందుకని ఎవరి పేరూ లేకుండానే రాస్తున్నాను. చదివితే ఎవరి సంగతి వాళ్లకి తెలిసిపోతుంది.

మా అత్తయ్యగారు శ్రావణంలో బాత్రూమ్‌లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. డాక్టర్లు ఆపరేషన్ చేసి తుంటి కీలులో బంతి మార్చారు. ఆవిడకి డెబ్బై దాటాయి, షుగరుంది, మాకు టెన్షన్ ఉండనే ఉంది. ఆపరేషన్ సవ్యంగా అయ్యి, వాకర్ పట్టుకుని నిలబడిన రోజున ఆవిడ డాక్టరుగారిని అడిగింది నొప్పి గురించి కాదు. "మార్గశిరానికి నేను బురుజుపేట వెళ్తానా?" అని.

విశాఖవాళ్లకి చెప్పక్కర్లేదు, బయట ఉన్నవాళ్ల కోసం చెప్తాను. పాతబస్తీలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి గర్భగుడి మీద కప్పు ఉండదు. ఎండా వానా నేరుగా అమ్మవారి మీదే. భక్తులే దగ్గరికి వెళ్లి, ఎవరి చేత్తో వాళ్లు పసుపు కుంకుమలు అద్దుకుని, పాలు పోసుకుని, కష్టం సుఖం చెప్పుకుని వస్తారు. ఏ కులం, ఎవరింటి మనిషివి అని అడిగేవాళ్లుండరు. మార్గశిరంలో లక్ష్మివారాలైతే ముందురోజు అర్ధరాత్రి నుంచే లైన్లు.

నేను పుట్టి పెరిగింది తణుకు వైపు. మా ఊళ్లో గర్భగుడి గడప దాటేది పూజారిగారొక్కరే. మనం గోత్రం చెప్పుకుని, శఠగోపం పెట్టించుకుని, తీర్థం పుచ్చుకుని ఇవతలికి వచ్చేయడమే. పెళ్లయిన కొత్తలో అత్తయ్యగారు నన్ను బురుజుపేట తీసుకెళ్లి, "ముట్టుకోవే" అంటే నాకు చెయ్యి రాలేదు. ఆవిడే నా మణికట్టు పట్టుకుని పెట్టించారు. చల్లగా ఉంటుందనుకున్నాను. వైశాఖం ఎండకి వెచ్చగా ఉంది. నాకిప్పటికీ ఇంట్లో దీపం పెట్టుకుని రెండు నిమిషాలు కళ్లు మూసుకుంటే చాలు, ఆఫీసు బస్సు దొరికితే అదే దైవకృప. అత్తయ్యగారికి అలా కుదరదు. ఆవిడ భక్తంతా చేతిలో ఉంది. దగ్గరి చుట్టం ఒకావిడ, "ఈ వయసులో గుడెందుకు, ఫోన్‌లో లైవ్ పెట్టి చూపించండి" అని సలహా ఇచ్చింది. అత్తయ్యగారు మంచం మీంచే, "చూడ్డానికైతే గోడ మీద కేలండర్ ఉంది. నాకు ముట్టుకోవాలి" అన్నారు. అంతటితో ఆ మాట ముగిసింది.

అమ్మవారికి ఎడమ చెయ్యి పూర్తిగా ఉండదు. కాశీ వెళ్లే బ్రాహ్మణుడి మీద కోపంతో ఆయుధం ఎత్తితే శివుడు ఆ చేతిని తీసేసి శాంతింపజేశాడని కథ. మా అత్తయ్యగారికి ఈ కథలో శివుడితో పెద్దగా పనిలేదు. వ్యాయామం చెయ్యమంటే మూలిగిన రోజున తనకి తానే చెప్పుకునేవారు: "ఆవిడకి చెయ్యి సరిగా లేకపోతే ఆవిడేమైనా పని మానేసిందా?"

మొదటి కృతజ్ఞత మా ఇంటికొచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయికి. బంతి మార్చినవాళ్లు కొన్నాళ్లు తొంభై డిగ్రీలు దాటి వంగకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, పీట మీద కూర్చోకూడదు. వంగితే బంతి గిన్నెలోంచి జారిపోయే ప్రమాదం ఉంది. అత్తయ్యగారు అడిగే పనేమో ముందుకి వంగి చేసేది. ఇంకెవరైనా అయితే "గుడి సంగతి వచ్చే ఏడాది చూద్దాం" అనేవారు. ఈ అమ్మాయి మాత్రం, అక్కడ ఎంత దూరంలో నిలబడతారు, ఎంత ఎత్తులో చెయ్యి పెట్టాలి అని నన్ను అడిగింది. అడిగి, మా వంటింటి గట్టునే గుడి చేసేసింది. కుంకుమ భరిణె తీసి గట్టు మీద వెనక్కి పెట్టేది. అత్తయ్యగారు ఎడం చేత్తో గట్టు అంచు పట్టుకోవాలి, నడుం వంచకుండా అడుగు ముందుకేసి, బరువు మంచి కాలి మీదికి తెచ్చుకుని, కుడి చెయ్యి చాపి భరిణె మూత తాకాలి. అందింది అనుకునేలోపు ఆ పిల్ల భరిణెని ఇంకో బెత్తెడు వెనక్కి జరిపేది. "అమ్మా, ఈ రోజు అమ్మవారు కొంచెం దూరంగా ఉన్నారు" అని నవ్వేది. క్రైస్తవుల అమ్మాయి. కుంకుమ భరిణెతో వ్యాయామం చేయించడం వాళ్లింట్లో తెలిస్తే ఏమంటారో అని నేను లోపల్లోపల నసిగాను. ఆ పిల్లకి అలాంటి బెంగేమీ లేదు.

ఏటా డిసెంబర్ 8న రాస్ హిల్ మీద మేరీమాత పండక్కి వెళ్తుందట. తెలిసినవాళ్లకి తెలుసు, పోర్టు దగ్గర మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద మేరీమాత గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. అత్తయ్యగారు ఆ అమ్మాయిని, "మీ తల్లికి నా సంగతి చెప్పు, కాలు తొందరగా బాగవ్వాలని అడుగు" అన్నారు. "నేను ఏమీ అడగనమ్మా. నా దగ్గరికొచ్చే పేషెంట్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి వచ్చేస్తాను. ఏం చెయ్యాలో ఆవిడకి తెలుసు కదా" అంది ఆ పిల్ల. అత్తయ్యగారికి ఈ పద్ధతి అస్సలు నచ్చలేదు. అడగకపోతే ఎలా ఇస్తారని వాదన. అయినా తన పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా, రెండుసార్లు చెప్పి బట్టీ పట్టించారు.

రెండో కృతజ్ఞత మా కింది వాటా బాబాయిగారికి. షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. పక్కా నాస్తికులు. పెళ్లిళ్లకి వస్తారు కానీ అక్షింతలు వెయ్యరు, చేతిలో ఉన్నవి పక్కవాళ్లకి ఇచ్చేస్తారు. పోయాక తన దేహం ఆంధ్రా మెడికల్ కాలేజీకి ఇవ్వమని కాగితం రాసి సంతకం పెట్టి, ఒక నకలు మా ఇంట్లో కూడా ఉంచారు. ఆయనకీ అత్తయ్యగారికీ సాయంత్రం టీ దగ్గర రోజూ యుద్ధమే. 1917లో మున్సిపాలిటీవాళ్లు రోడ్డు కోసం అమ్మవారిని పక్కకి జరిపితే ఊళ్లో ప్లేగు వచ్చిందనీ, తిరిగి తెచ్చి పెట్టాక తగ్గిందనీ విశాఖలో అందరూ చెప్పుకునే కథే. అత్తయ్యగారు దాన్ని నిన్న మొన్న జరిగినట్టు చెప్తారు. బాబాయిగారు ఊరుకోరు. "అక్కగారూ, ప్లేగు వచ్చేది ఎలుకల ఒంటి మీద పురుగుల వల్ల. మనది ఓడలు దిగే ఊరు, గోదాముల నిండా ఎలుకలే" అంటారు. "అవునా తమ్ముడూ, మరి ఆ పురుగుల్ని ఎవరు పంపారు?" అని ఈవిడ. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేస్తాను.

గుడికి వెళ్దామనుకున్న రోజున మా ఆయనకి డ్యూటీ, బి షిఫ్టు. (ఆయన భక్తి వేరు. ఆషాఢ పౌర్ణమికి ముందు సింహాచలం గిరిప్రదక్షిణ, కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి ముప్ఫై రెండు కిలోమీటర్లూ చెప్పుల్లేకుండా నడిచేస్తారు. మిగతా ఏడాదంతా దేవుడి గది తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా తెలీదు.) నేనొక్కదాన్నే ఎలా తీసుకెళ్లాలా అని చూస్తుంటే బాబాయిగారు చక్రాల కుర్చీ పట్టుకుని వచ్చారు. అది పోయిన పిన్నిగారిది. తుడిచి, టైర్లలో గాలి కొట్టించి తెచ్చారు. మీరు గుడికి వస్తారా అని ఆశ్చర్యపోతే, "మీ అమ్మవారు వచ్చి కుర్చీ తొయ్యదు కదమ్మా, ఎవరో ఒకరు తొయ్యాలి" అన్నారు.

లక్ష్మివారం జనంలో కుదరదని మామూలు రోజు చూసుకుని వెళ్లాం. పూర్ణా మార్కెట్ దాటాక సందులు ఇరుకు, మార్గశిరంలో వాహనాలు దూరంగానే ఆపేస్తారు. మా ఆటో అబ్బాయి ఆటో వదిలేసి కుర్చీ ముందు దారి చేసుకుంటూ నడిచాడు, మేం తిరిగొచ్చేదాకా ఉన్నాడు, వెయిటింగ్‌కి పైసా తీసుకోలేదు. ఆటో కొన్న రోజున సంపత్ వినాయగర్ గుడి దగ్గర పూజ చేయించినప్పుడు, గుడికెళ్లే ముసలివాళ్ల దగ్గర ఎక్కువ తీసుకోనని అనుకున్నాడట. బాబాయిగారు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి కాళ్లు కడుక్కున్నారు. "మీరు కూడానా?" అంటే, "ఇంకొకరి ఇంటికి వెళ్తే వాళ్ల ఇంటి పద్ధతి పాటించమా" అన్నారు. లోపల చెయ్యి జోడించలేదు, తీర్థం తీసుకోలేదు. కుర్చీ బ్రేకు గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. గుడి సిబ్బంది ఒకాయన మమ్మల్ని చూసి, అడక్కుండానే ఇనప కమ్మీ పక్కకి జరిపించారు. ఆయనకీ నమస్కారం.

అసలు రాయాలనుకున్నది లైన్లో మా ముందున్న ఆవిడ గురించి. జాలారిపేట అని చెప్పింది, ఫిషింగ్ హార్బర్‌లో చేపల బేరం. చేతిలో పసుపు పొట్లం, పాల పేకెట్టు. తన వంతు వచ్చేసింది. అత్తయ్యగారు కుర్చీలోంచి లేవబోవడం చూసి ఆగిపోయింది. వెనక్కి తిరిగి, "జరగండర్రా, పెద్దమ్మని ఎల్లనివ్వండి" అని ఒక్క కేక వేసింది. లైనంతా జరిగింది. నేను అత్తయ్యగారి ఎడం చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ వెనకనుంచి నడుం చుట్టూ రెండు చేతులూ వేసి, "బయపడకు పెద్దమ్మా, నేను ఒగ్గను" అంది. వంటింటి గట్టు దగ్గర నేర్చుకున్నదంతా అత్తయ్యగారికి గుర్తుంది. అడుగు ముందుకి వేశారు, బరువు కుడి కాలి మీదికి తెచ్చుకున్నారు, చెయ్యి చాపారు. అందింది. అరచెయ్యి మొత్తం ఆనించి, అలాగే ఉంచేశారు. పెదాలు కదల్లేదు, ఏమీ కోరుకున్నట్టు లేదు.

కోరుకున్నది ఆ జాలారిపేటావిడ. కోరుకోవడం కూడా కాదు, నిలదీసింది. "ఏటి తల్లీ, పెద్దమ్మని ఇన్నాళ్లు మంచం మీద పడేసి ఏటి సూత్తన్నావు? ఇకనుంచైనా సూడు" అని, పక్కింటి మనిషిని కడిగినట్టు కడిగేసింది. మా ఊళ్లో దేవుడితో అలా మాట్లాడితే ఇంట్లో చెంప పగిలేది. ఇక్కడ పక్కనున్నవాళ్లు "అవునమ్మా, సూడాలి" అని వంత పాడారు.

తర్వాత అమ్మవారి కుంకుమ తీసి, అడగా పెట్టాలేదు, అత్తయ్యగారి నుదుట నిండుగా పెట్టేసింది. మామయ్యగారు పోయిన దగ్గర్నుంచి అత్తయ్యగారు కుంకుమ పెట్టుకోలేదు. నేనెన్నోసార్లు చెప్పాలనుకుని, అది కోడలు చెప్పే మాట కాదేమో అని ఊరుకున్నదాన్ని. ఆవిడ తుడిచేస్తారేమో అని చూశాను. తుడవలేదు. ఇంటికొచ్చాక మొహం కడుక్కున్నప్పుడు కూడా నుదురు వదిలేసి చెంపలు కడుక్కున్నారు. ఫోటో చూసిన చుట్టం ఒకాయన ఫోన్ చేసి, "అదేంటి వదినా, నుదుట అది?" అని సాగదీస్తే, "అమ్మవారి దగ్గర పెట్టారు. తియ్యమంటే నువ్వొచ్చి అమ్మవారినడిగి తియ్యి" అన్నారు. ఆయన మళ్లీ చెయ్యలేదు.

ఈ హడావుడిలో ఆ జాలారిపేటావిడకి నేను సరిగా నమస్కారం కూడా పెట్టలేకపోయాను. కుర్చీ తిప్పుకుని చూసేసరికి ఆవిడ తన పాలు పోసుకుని వెళ్లిపోయింది. హార్బర్‌లో చేపలు కొనే విశాఖవాళ్లు ఎవరైనా ఇది చదివితే, ఎర్రంచు ఆకుపచ్చ చీర, గట్టి గొంతు, మనిషి పొడగరి. కనిపిస్తే, "ఆ పెద్దమ్మ ఇప్పుడు వాకర్ లేకుండా వరండా దాకా నడుస్తోంది, నిన్ను రోజూ తలుచుకుంటోంది" అని చెప్పండి. అత్తయ్యగారి మాటగా ఇంకొకటి: ఈసారి వస్తే పులస దొరకదు గానీ వంజరం చేప పులుసు తన చేత్తో వండి పెడతారట. శాకాహారం మొదలుపెడతానని మొన్నటిదాకా అన్న మనిషే.

చక్రాల కుర్చీ తిరిగి ఇస్తే బాబాయిగారు తీసుకోలేదు. మీ దగ్గరే ఉంచండి, ఎవరికైనా పనికొస్తుంది అన్నారు. కాబట్టి అల్లిపురం చుట్టుపక్కల ఎవరింట్లోనైనా పెద్దవాళ్లని గుడికో, చర్చికో, దర్గాకో, ఓటు వెయ్యడానికో, కంటి డాక్టరు దగ్గరికో తీసుకెళ్లాలంటే నాకు మెసేజ్ పెట్టండి, ఇస్తాం. డబ్బులేమీ అక్కర్లేదు. ఎడం పక్క బ్రేకు కొంచెం బిగుతు, రెండు చేతులతో లాగాలి.