ఆర్ఎం కొట్టినా పోని ఫైలు

నల్లగొండ,
ఆదివారం పొద్దున

అరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి చాన్నాళ్లయింది. జవాబు రాయలేదని నన్ను తిట్టుకుంటూనే ఉంటావు, తిట్టుకో. ఫోన్ చేద్దామంటే మీ మన్ననూరులో సగం మాట వినపడి సగం అడవిలో పోతుంది. అయినా ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు, తీరిగ్గా చెప్పాలి.

ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్లు అట్లనే ఉన్నాయి. అక్క కూతురికి సంబంధం కుదిరింది, తేదీ పెట్టాక కార్డు పంపుతా. మా వీధి రోడ్డు మళ్లీ తవ్వారు. అంతే.

అసలు సంగతికి వస్తున్నా. మా ఆఫీసు పని నీకు తెలుసు కదా. మర్రిగూడ, నాంపల్లి, చండూరు మండలాల ఊళ్లలో బోరు నీళ్లు పరీక్ష చేసి, ఫ్లోరైడ్ ఎంతుందో రాసి పెట్టడం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందంటే ఆ బోరు తాగడానికి పనికిరాదు. భగీరథ నల్లా వచ్చాక కూడా పొలాల దగ్గర బోరు నీళ్లే తాగేవాళ్లు ఉన్నారు, అందుకే ఈ లెక్కలు. ఊళ్లలో తిరిగే మా ఆడపిల్లలు ఫోన్‌లో అంకె కొడితే, అది ఇక్కడి లైనక్స్ మిషన్‌కు వస్తుంది. అందులో ఎప్పుడూ నడుస్తూ ఉండే చిన్న ప్రోగ్రాం ఒకటి ఆ అంకెను ఆ నెల ఫైలు చివర చేరుస్తుంది. అందితే ఫోన్‌లో పచ్చ టిక్కు పడుతుంది. ఈ పచ్చ టిక్కును గుర్తుపెట్టుకో.

పోయిన వారం ఒక పొద్దున టిక్కులు ఆగిపోయాయి. నేను చండూరు నుంచి వచ్చే బస్సులో ఉన్నా. ఆఫీసులో కొత్త పిల్లగాడు ఒక్కడే. మంచోడు, చురుకైనోడు, కానీ చేతికి తొందరెక్కువ. నువ్వు ఇంటర్‌లో ఉన్నట్టే ఉంటాడనుకో. డిస్క్ నిండిపోయిందని వాడే కనిపెట్టాడు. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ ఆజ్ఞ కొడితే నూటికి నూరు చూపించింది. వెతికితే ఆ ప్రోగ్రాం తను చేసే ప్రతి పనినీ డైరీలా రాసుకునే లాగ్ ఫైలు దయ్యంలా పెరిగి కనపడింది. ఫైళ్లు తీసేసే ఆజ్ఞ ఆర్ఎం కొట్టి తీసేశాడు. మళ్లీ డీఎఫ్ కొడితే ఇంకా నూరే! ఫైళ్ల సైజులు కూడి చెప్పే డీయూ కొట్టి చూస్తే అన్నీ కలిపి డిస్క్‌లో సగం కూడా లేదు. ఒక ఆజ్ఞ నిండిందంటోంది, ఇంకోటి ఖాళీ అంటోంది. వాడికి టెన్షన్ మొదలైంది.

టెన్షన్‌లో ఏం చేశాడంటే, పాత ఫైళ్లు కొన్ని తీసేద్దామని వాటి పేర్ల మొదటి ముక్క కొట్టి పక్కన స్టార్ పెట్టాడు. పెట్టబోయాడు అనాలి. ముక్కకూ స్టార్‌కూ మధ్య ఒక ఖాళీ పడింది. ముందు మైనస్ ఎఫ్ కూడా ఉంది, అంటే ఏమీ అడక్కుండా తీసెయ్ అని. ఎంటర్ కొట్టాడు.

నువ్వు ఇవన్నీ వదిలి లెక్కల సారువి అయ్యావు కాబట్టి గుర్తు చేస్తున్నా. ఆ స్టార్‌ను ఆర్ఎం చూడనే చూడదు. అంతకంటే ముందే, మనం కొట్టిన ఆజ్ఞను చదివి నడిపించే షెల్, ఆ డైరెక్టరీలో ఉన్న పేర్లన్నీ స్టార్ ఉన్న చోట పరిచేసి, ఆ జాబితాను ఆర్ఎం చేతికిస్తుంది. ఆర్ఎంకు కనపడేది ఇవి తీసెయ్ అనే పేర్ల వరస మాత్రమే. అడగదు, చెప్పదు, చెత్తబుట్టలో వెయ్యదు. పని బాగా జరిగితే నోరు మెదపదు. డైరెక్టరీ ఒకటి తియ్యలేనని ఒక్క వరస గొణిగిందంతే, మిగతావాటి మీద దాని మౌనం చూసి పిల్లగాడు అంతా బాగుందనుకున్నాడు. ఉన్న పేర్లు చూపించే ఎల్ఎస్ కొట్టాక గానీ తెలియలేదు. పేరు చుక్కతో మొదలయ్యే ఫైళ్లు మిగిలాయి, స్టార్ వాటిని పట్టదు. స్కాన్ కాగితాల డైరెక్టరీ కూడా మిగిలింది, మైనస్ ఆర్ లేకుండా ఆర్ఎం డైరెక్టరీ జోలికి పోదు. మిగతా లెక్కలన్నీ గల్లంతు.

పాత నెలలవి హైదరాబాద్ ఆఫీసులో కూడా ఉన్నాయి, వాటికి బెంగ లేదు. ఈ నెలది మాత్రం ఇక్కడ ఒక్కచోటే. ఎండలో తిరిగి తిరిగి ఆ పిల్లలు పట్టుకొచ్చిన అంకెలు రా అవి. కొన్ని బోర్లు ఇప్పటికే ఎండిపోయాయి, మళ్లీ కొలుద్దామన్నా నీళ్లుండవు.

నేను వచ్చేసరికి పిల్లగాడి మొహంలో నెత్తురు లేదు. "అన్నా, అంతా పోయిందే. రీస్టార్ట్ కొట్టాల్నా? మా దోస్తు ఫోన్‌లో గదే చెప్పిండు." వేలు స్విచ్ దగ్గర ఉంది. సరిగ్గా అప్పుడే మర్రిగూడ నుంచి మా పిల్ల ఫోన్ చేసింది. "సార్, ఇప్పుడు మంచిగ పోతున్నయ్, పచ్చ టిక్కులు పడుతున్నయ్."

మామా, నా ఒళ్లు ఝల్లుమంది! ఫైలే లేదు కదా, మరి టిక్కు ఎట్లా పడుతోంది? ప్రోగ్రాం ఎక్కడ రాస్తోంది?

"దాన్ని ముట్టుకోకు" అని నేను అరిచిన అరుపుకు కింద కిరాణా కొట్టాయన పైకి చూశాడంట.

మనకు ల్యాబులో డైరెక్టరీ అంటే ఫైళ్లు దాచే పెట్టె అని చెప్పారు చూడు, ఆ మాట చెప్పిన బెండకాయ సారును ఇప్పుడు పిలిచి చూపించాలనిపించింది. డైరెక్టరీ పెట్టె కాదు, పేర్ల పట్టిక. పేరు పక్కన ఒక నంబరు ఉంటుంది, అంతే. ఆ నంబరు ఐనోడ్‌ది. సైజు ఎంత, ఎవరిది, డిస్క్ మీద ఎక్కడెక్కడ ఉంది, ఇవన్నీ ఐనోడ్‌లో ఉంటాయి, పేరు తప్ప. ఆర్ఎం చేసే పనల్లా పట్టికలో ఆ పేరు కొట్టేసి, ఐనోడ్‌లో ఎన్ని పేర్లున్నాయనే లెక్కను ఒకటి తగ్గించడం. ఆ లెక్క సున్నాకు రావాలి, ఏ ప్రోగ్రామూ ఆ ఫైలును తెరిచి పట్టుకుని ఉండకూడదు. రెండూ జరిగితేనే లైనక్స్ గుండెకాయ కర్నెల్ ఆ జాగా విడిపిస్తుంది. ఓటర్ల లిస్టులో పేరు ఎగిరిపోయిన ఏడు మీ తాత అరుగు మీద నుంచి లేచాడా? బూత్ ముందు కూర్చుని అందర్నీ తిట్టలేదూ? ఇదీ అంతే.

మా ప్రోగ్రాం రెండు ఫైళ్లను పట్టుకుని ఉంది. ఒకటి పొద్దున తీసేసిన లాగ్. దాన్ని వదల్లేదు కాబట్టే జాగా తిరిగి రాలేదు. డీయూ పేర్లు పట్టుకుని కూడుతుంది, డీఎఫ్ ఫైల్ సిస్టంనే అడుగుతుంది, అందుకే రెండింటికీ పొంతన కుదరలేదు. రెండోది ఈ నెల లెక్కల ఫైలు. పొద్దుటి నుంచి పిల్లగాణ్ని ఏడిపించిన ఆ పట్టే ఇప్పుడు మా కొంప కాపాడబోతోంది. వాడు తీసేసిన మిగతా ఫైళ్లను ఎవరూ పట్టుకుని లేరు కాబట్టి వాటి జాగా ఖాళీ అయింది, అందులోకే కొత్త అంకెలు వచ్చి చేరుతున్నాయి. పేరు లేని ఫైలులోకి! రీస్టార్ట్ కొట్టి ఉంటే ప్రోగ్రాం చచ్చేది, ఫైలు నిజంగా పోయేది.

ఇంతలో కరెంటు పోయింది.

నవ్వకు. నిజంగానే పోయింది. యూపీఎస్ కుయ్ కుయ్ మంటోంది, దాని బ్యాటరీ ముసలిది. పిల్లగాడు యూపీఎస్‌కు దండం పెడుతున్నాడు. నేను కూర్చుని ఎల్‌సాఫ్ ప్లస్ ఎల్ వన్ కొట్టా. పేర్లు సున్నా అయినా ఎవరో ఒకరు పట్టుకుని ఉన్న ఫైళ్లను అది చూపిస్తుంది. రెండు వరసలు వచ్చాయి, రెంటి పక్కనా డిలీటెడ్ అని ఉంది. ప్రాసెస్ నంబరు, అంటే నడుస్తున్న మా ప్రోగ్రాం నంబరు దొరికింది. స్లాష్ ప్రాక్ కింద ఆ నంబరుతో డైరెక్టరీ, దాని లోపల ఎఫ్‌డీ అని ఇంకోటి ఉంటుంది. ఆ ప్రోగ్రాం తెరిచి పెట్టుకున్న ప్రతి ఫైలూ అక్కడ ఒక అంకెగా కనపడుతుంది. లాగ్ మూడు, మనది ఐదు. పోయిన పేరును తిరిగి అతికించడం కుదరదు గానీ నకలు తీసుకోవచ్చు. పిల్లగాడి జేబులోని పెన్‌డ్రైవ్ పెట్టించి, పెద్ద అధికారం ఇచ్చే సుడోతో, నకలు తీసే సీపీ కొట్టా. ఐదో నంబరు నుంచి పెన్‌డ్రైవ్‌కు. రెప్పపాటు కూడా పట్టలేదు. ఫైలు ఎంత చిన్నదో! దాని కోసం ఇంత గుండె దడ.

తెరిచి చూస్తే నెల మొదటి తారీఖు నుంచి, ఇందాకటి మర్రిగూడ అంకె దాకా, అన్నీ ఉన్నాయి. ఊళ్లలో వాళ్లకు ఫోన్ చేసి కాసేపు ఆగమని, ఇంకోసారి నకలు తీసి, రెండిట్లో వరసలు లెక్కపెట్టి, అప్పుడు ప్రోగ్రాంను ఆపాం. ఆపిన మరుక్షణం డీఎఫ్ ఢమాల్‌న కిందికి దిగింది. పొద్దుటి లాగ్ అప్పుడు వదిలింది ప్రాణం. కాసేపటికి యూపీఎస్ కూడా ఆగింది. ఆగనీ.

పిల్లగాడు ఏడ్చేశాడు రా. నేను ఏమీ అనలేదు, కిందికి తీసుకెళ్లి మిర్చిబజ్జి తినిపించా. మేడం మాత్రం ఒక మంచి ప్రశ్న వేసింది. పాత నెలల ఫైళ్లకు ఎవరూ రాయకూడదని అనుమతి తీసేసి పెట్టాం కదా, అవెట్లా పోయాయి అని. ఫైలును తీసేయడానికి ఫైలు మీద అనుమతి అక్కర్లేదు, డైరెక్టరీలో రాసే అనుమతి ఉంటే చాలు, ఎందుకంటే కొట్టేసేది పట్టికలో పేరునే కదా. మామూలుగా అయితే ఇది రాయకూడని ఫైలు, తీసెయ్యనా అని ఆర్ఎం ఒక మాట అడుగుతుంది. మైనస్ ఎఫ్ ఆ మాటనూ మింగేసింది. మేడం కాసేపు ఆలోచించి "ఇదేం అన్యాయం" అంది. అన్యాయమే, లైనక్స్‌కు తాతలాంటి యూనిక్స్ తొలి మాన్యువల్‌లోనే, 1971లోనే ఆర్ఎం ఉంది, ఇప్పుడు పంచాయితీ పెట్టి ఏం లాభం?

ఇప్పుడు ఆఫీసులో రెండు పార్టీలు. ఆర్ఎం కొడితే ప్రతిసారీ మైనస్ ఐ తో నడిచేలా పెట్టేద్దాం, ఒక్కో ఫైలుకూ అడుగుతుంది అని పిల్లగాడు. నాకు ఇష్టం లేదు. నాలుగు రోజులు అడిగించుకుంటే ఐదో రోజు నుంచి చదవకుండానే వై కొడతాం. పైగా ఆ అలవాటుతో ఇంకో మిషన్ మీద కూర్చుంటే అది అడగదు, అయిపోయె. పెద్ద ఐ నయం, మూడు ఫైళ్లు దాటినప్పుడు ఒక్కసారే అడుగుతుంది. నన్నడిగితే మాత్రం ఆర్ఎం బదులు ముందు ఎల్ఎస్ కొట్టి, ఆ స్టార్ ఏమేం పట్టుకుంటోందో కళ్లతో చూసి, తర్వాత ఆ ఎల్ఎస్‌నే ఆర్ఎంగా మార్చడం మేలు. స్లాష్‌నే, అంటే మిషన్‌లో అన్నిటికీ పైనున్న డైరెక్టరీనే తుడిచెయ్యమంటే, లైనక్స్‌లో వచ్చే గ్నూ ఆర్ఎం 2006 నుంచి తనంతట తానే ఒప్పుకోవడం మానేసింది, నిజమే. కానీ స్లాష్ పక్కన స్టార్ పెట్టి చూడు, ఏం ఆపుతుంది? షెల్ అప్పటికే పరిచేసి ఉంటుంది కదా. చూడు అన్నానని నిజంగా చూసేవు, మీ బడి కంప్యూటర్ మీద నీకు నమ్మకం లేదు నాకు.

అవునూ, ఇదంతా జరుగుతున్నప్పుడు మన 'మైనస్ గాడు' గుర్తొచ్చాడు! పేరు ముందు మైనస్ పెట్టి నువ్వు ల్యాబులో వదిలిన ఫైలు. సారు ఆర్ఎం కొడితే అది పేరు కాదు, ఏదో ఆప్షన్ అనుకుని ఆర్ఎం గొణగడం, సారు చెమటలు తుడుచుకుంటూ "ఇది వైరస్, అందరూ బయటికి నడవండి" అనడం. పిల్లగాడికి చెప్తే పడీ పడీ నవ్వాడు. విరుగుడు కూడా చెప్పా. ఆర్ఎం తర్వాత రెండు మైనస్‌లు విడిగా కొడితే ఆప్షన్లు అక్కడితో అయిపోయాయని దానికి తెలుస్తుంది, లేదంటే పేరు ముందు చుక్క, స్లాష్ పెడితే సరి. సారు ఆ రోజు మిషన్ మొత్తం ఫార్మాట్ కొట్టించాడు గుర్తుందా? అందులో నా రికార్డు ప్రోగ్రాంలు కూడా పోయాయి, ఆ పగ ఇంకా ఉంది నీ మీద.

ఇప్పుడు లాగ్ మళ్లీ అట్లా పెరగకుండా, పాత లాగ్‌ను పక్కకు జరిపి కొత్తది మొదలుపెట్టే లాగ్‌రొటేట్ పెడుతున్నాం. దాంట్లో ఒక మెలిక ఉంది, పాత లాగ్ పేరు మార్చినా ప్రోగ్రాం పాతదాన్నే పట్టుకుని రాస్తూ ఉంటుంది కాబట్టి దానికి సిగ్నల్ ఇచ్చి

ఆగు, బండి వచ్చింది. ఆదివారం కూడా మునుగోడు పోవాలి, డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. మిగతాది తర్వాత రాస్తా. పెళ్లికి ఎట్లాగూ వస్తావు కదా, వచ్చేటప్పుడు నల్లమల తేనె తే, ఇంకా ఆ రెండు వందల సంగతి

నీ,
పాత బెంచీగాడు