ఉసిరి సీరం కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇచ్చేస్తున్నాం

ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర ముఖానికి రాసుకునే ఉసిరి సీరం కొన్నవాళ్లందరికీ పూర్తి డబ్బు తిరిగి ఇచ్చేస్తున్నాం. ఎందుకో మీకు చెప్పాలి.

పోయిన వారం ఖమ్మం నుంచి ఒక అక్క ఫోటో పంపారు. ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు లేత నిమ్మరసంలా ఉన్న సీరం పది రోజులకే డికాషన్ రంగుకు తిరిగింది. దిండు గలీబు మీద పసుపు మరకలు కూడా పడ్డాయట. వెంటనే షాపులో మిగిలిన సీసాలన్నీ తెల్ల కాగితం మీద వరసగా పెట్టి చూశాను. ఫ్రిజ్‌లో ఉంచినవి బాగానే ఉన్నాయి. బయట అరలో ఉన్నవన్నీ గోధుమ రంగులోకి మారాయి.

అందులో ఉసిరి రసంతో పాటు 10 శాతం విటమిన్ సి ఉంది. ఎండకు, పొగకు చర్మంలో ఫ్రీ రాడికల్స్ అనే, చుట్టూ ఉన్నవాటిని దెబ్బతీసే అణువులు పుట్టి, చర్మాన్ని బిగుతుగా ఉంచే ప్రోటీన్ అయిన కొల్లాజెన్‌ను పాడుచేస్తాయి. విటమిన్ సి వాటికి అడ్డుపడి, తాను ఆక్సీకరణ చెందుతుంది, అంటే తనే ఖర్చయిపోతుంది. అయితే నీళ్లలో కలిపాక గాలి, వెలుతురు, వేడి తగిలినా అదే జరుగుతుంది. కోసిన వంకాయ ముక్క నల్లబడినట్టే, సీరం మీ ముఖానికి చేరకముందే దాని పని సీసాలోనే అయిపోతుంది. రంగు అందంగా కనిపిస్తుందని నేను తెల్ల గాజు సీసాలు ఎంచుకున్నాను. వాటినే మే ఎండల్లో కొరియర్‌కు ఇచ్చాను. తప్పు నాదే, క్షమించండి.

దీనికి దారి ఉంది, అదీ మన తవుడులోనే. బియ్యపు తవుడులో ఫెరులిక్ యాసిడ్ అనే, ఆక్సీకరణను అడ్డుకునే పదార్థం ఉంటుంది. 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ ఉన్న ద్రావణానికి 0.5 శాతం ఫెరులిక్ యాసిడ్ కలిపి, అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు పంది చర్మం మీద పరీక్షించారు. ఆ ఫలితాలు 2005లో వచ్చాయి. విటమిన్లు నిలకడగా ఉండటమే కాదు, ఎండ నుంచి రక్షణ కూడా దాదాపు నాలుగు రెట్ల నుంచి ఎనిమిది రెట్లకు పెరిగింది. రైస్ మిల్లుల ముందు బస్తాల్లో చూసే తవుడుకు ఇంత విలువుందని తెలిసినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. మా సీరంలోనూ ఫెరులిక్ యాసిడ్ వేసి చూస్తున్నాం. మూడు నెలలు అరలో ఉంచి, రంగు మారకపోతేనే అమ్ముతాం. ఇకపై 15 మిల్లీలీటర్ల ముదురు గోధుమ రంగు పంపు సీసాలే వాడతాం. ఎండాకాలంలో కొరియర్ చెయ్యం. ధర 60 రూపాయలు పెరుగుతుంది.

ఇంకో మాట. పాత లేబుల్ మీద ‘సన్‌స్క్రీన్ అవసరం లేదు’ అని వేయించాను. అలా వేయించకూడదు. ఇలాంటి సీరం ఎండను ఆపదు, లోపల జరిగే నష్టాన్ని కొంత తగ్గిస్తుంది, అంతే. పొద్దున రాసుకుంటే దాని మీద సన్‌స్క్రీన్ తప్పకుండా వేసుకోండి.

రంగు మారిన సీరం ముఖానికి వాడొద్దు. సీసా వెనక్కి పంపక్కర్లేదు, ఫోటో పంపితే చాలు, రెండు రోజుల్లో డబ్బు వేస్తాం.