సైట్ ఇంజనీరు లేకుండా స్లాబ్ వేసినందుకు ఫిర్యాదు

బోడుప్పల్, హైదరాబాద్
2025 మే 20

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి,
ప్రధాన కార్యాలయం, హైదరాబాద్.

విషయం: ఒప్పందంలోని 14వ క్లాజు ప్రకారం సైట్‌లో ఇంజనీరును ఉంచకపోవడం, ఆయన లేకుండానే మొదటి స్లాబ్ వేయడం గురించి.

అయ్యా,

బోడుప్పల్‌లో మాకున్న 200 గజాల స్థలంలో జీ ప్లస్ వన్ ఇల్లు కట్టివ్వడానికి ఈ జనవరిలో మీతో ఒప్పందం చేసుకున్నాను. 2,400 చదరపు అడుగులు, అడుగుకు 1,900 చొప్పున మొత్తం 45,60,000 రూపాయలు. ఇప్పటికి 21 లక్షలు కట్టాను. ఇదే ఇంటిని అడుగుకు 1,600కే కడతానని మా వీధిలో ఒక మేస్త్రీ అన్నాడు. మంచి పనివాడే. అయినా అతన్ని కాదని మీ దగ్గరికి వచ్చింది 14వ క్లాజు చూసి. కనీసం 5 ఏళ్ల అనుభవమున్న బీటెక్ సివిల్ ఇంజనీరు పని జరిగే ప్రతి రోజూ సైట్‌లో ఉంటారనీ, కాంక్రీటు వేసే ముందు సెంట్రింగ్, కడ్డీలు చూసి చెక్‌లిస్టు మీద సంతకం పెడతారనీ, వేస్తున్నంతసేపూ అక్కడే నిలబడతారనీ అందులో ఉంది. అడుగుకు 300 ఎక్కువంటే మొత్తం మీద 7,20,000 రూపాయలు. అందులో పెద్ద భాగం ఆ ఇంజనీరు కోసమే ఇస్తున్నానని అనుకున్నాను.

ఫిబ్రవరి 3న ముగ్గు పోసిన దగ్గర్నుంచి ఏప్రిల్ 18న స్లాబ్ వేసేదాకా 75 రోజులు. నేను ఉప్పల్‌లో అద్దెకుంటూ రోజూ రెండు పూటలా సైట్‌కు వచ్చేవాణ్ని. ఆర్టీసీ డిపోలో 31 ఏళ్లు లాగ్ షీట్లు చూసిన అలవాటు కొద్దీ ఎవరు ఎప్పుడొచ్చారో డైరీలో రాసుకున్నాను. మీ ఇంజనీరు వచ్చింది 11 రోజులు. వచ్చిన రోజుల్లో కూడా అరగంటకు మించి ఉన్నది మూడుసార్లే.

సిమెంటు గదిలో మేకుకు వేలాడే మీ సైట్ రిజిస్టరు మాత్రం ఇంకో కథ చెబుతోంది. అందులో ఫిబ్రవరి 22 నుంచి ఏప్రిల్ 12 దాకా ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా ఆయన సంతకాలున్నాయి. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒకే కూర్చోడంలో పెట్టినవి. ఇలాంటివి పట్టుకోవడం నా ఉద్యోగంలో భాగం, కాబట్టి నన్ను నమ్మించడం కష్టం. మార్చి 14 హోలీ. ఆ రోజు పని బంద్. గేటుకు తాళం వేసింది నేనే. రిజిస్టర్లో ఆ తేదీకి ఎదురుగా ‘ప్లింత్ బీమ్ స్టీల్ చూశాను, సరిగ్గా ఉంది’ అని రాసి సంతకం చేశారు. ప్రతి పేజీకీ ఫొటో తీసి ఈ లేఖతో జతపరిచాను.

ఇక స్లాబ్ సంగతి. పగలు సిటీలోకి బండ్లు రానివ్వరని రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి బండ్లలో తెచ్చే కాంక్రీటు) ఏప్రిల్ 18 రాత్రికి పెట్టారు. దానికి నాకు అభ్యంతరం లేదు, ఎండాకాలంలో రాత్రి వేయడమే మేలు కూడా. సాయంత్రం ఆరింటికి మీ మేస్త్రీ నన్ను పైకి పిలిచి బాల్కనీ చూపించాడు. “సార్, బాల్కనీల మెయిన్ కడ్డీ పైన ఏయాల్నా, కింద ఏయాల్నా? డ్రాయింగుల పైన ఉన్నది. పోయిన సైట్ల కిందేసినం. ఇంజనీర్ సార్‌కు నాలుగుసార్లు ఫోన్ చేసిన, ఎత్తుతలేడు” అన్నాడు. నాకు బస్సుల లెక్కలు తెలుసు గానీ కడ్డీల లెక్కలు తెలియవు. డ్రాయింగులో ఎలా ఉందో అలాగే వేయమన్నాను. ఆ రాత్రి ఆ ఇంటి మీద జరిగిన ఇంజనీరింగ్ తనిఖీ అంతా ఇంతే.

తర్వాత తెలుసుకున్నాను. గదుల పైన స్లాబ్‌కు మధ్యలో బరువు పడితే అది కింది వైపు సాగుతుంది, అందుకే అక్కడ కడ్డీలు కింద ఉంటాయి. గోడ నుంచి నాలుగడుగులు బయటకు వచ్చిన మా బాల్కనీకి అవతలి వైపు ఆధారం లేదు. అది పైవైపు సాగుతుంది, అందుకే కడ్డీ పైన ఉండాలి. పైన కట్టడంతో పని అయిపోదు. కూలీలు గమేలాలతో తిరుగుతూ తొక్కితే అవి కిందికి దిగిపోతాయి. దిగకుండా కింద ఇనుప కుర్చీలు (కడ్డీని ఎత్తిపట్టే వంచిన కడ్డీ ముక్కలు) పెట్టాలి, మనుషులు నడవడానికి పైన చెక్కలు వేయాలి, ఒకరు నిలబడి చూస్తుండాలి. ఆ రాత్రి కుర్చీలు లేవు, చెక్కలు లేవు, చూసేవాళ్లూ లేరు. తెల్లారేసరికి అన్నీ కాంక్రీటులోకి పోయాయి. పైనుంచి చూస్తే స్లాబ్ అద్దంలా నున్నగా ఉంది.

మే 10న మా అల్లుడికి తెలిసిన ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు కాంక్రీటులో కడ్డీ ఎంత లోతున ఉందో చూపే కవర్ మీటరు తెచ్చి బాల్కనీ మీద ఆరు చోట్ల చూశారు. డ్రాయింగు ప్రకారం పై కడ్డీ మీద 20 మిల్లీమీటర్ల కవర్, అంటే కడ్డీని కప్పే కాంక్రీటు, ఉండాలి. 50 నుంచి 58 దాకా వచ్చింది. స్లాబ్ మందం 125 మి.మీ. కడ్డీ సరైన చోట ఉంటే స్లాబ్ కింది ముఖం నుంచి 100 మి.మీ. ఎత్తులో ఉండేది, ఇప్పుడు 65 దగ్గర ఉంది. బరువు తట్టుకునే శక్తి మూడో వంతుకు పైగా తగ్గినట్టేనని ఆయన లెక్క వేసి చూపించారు. రేపు ఆ బాల్కనీలో నిలబడేది మా మనవళ్లు.

మూడో బండి గురించి కూడా చెప్పాలి. చలాన్ మీద ప్లాంటులో కాంక్రీటు నింపిన టైము రాత్రి 9:10. మా సైట్‌లో దించడం మొదలుపెట్టింది 12:05కి. రెడీమిక్స్‌కు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 4926 ప్రకారం సాధారణంగా నింపిన 2 గంటల్లోగా దించేయాలి. అప్పటికే గట్టిపడుతుంటే, జారడం లేదని హెల్పరు పైపు పెట్టి డ్రమ్ములోకి నీళ్లు కొట్టాడు. ఎన్ని లీటర్లో ఎవరికీ తెలియదు. బండి వెనక్కి పంపమని నేనంటే డ్రైవరు నవ్వాడు. మేస్త్రీ అంటే వినడు. వెనక్కి పంపే అధికారం ఉన్న ఒకే ఒక్క మనిషి ఆ రాత్రి ఎక్కడున్నారో మీరే చెప్పాలి. మూడు బండ్లు కలిపి 18 ఘనపు మీటర్లు. కాంక్రీటు పనులకున్న కోడ్ ఐఎస్ 456 ప్రకారం ఆ పరిమాణానికి కనీసం 3 నమూనాలు, ఒక్కోదానికి 3 చొప్పున 9 క్యూబులు (బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మెలు) తీయాలి. ఒక్కటీ తీయలేదు. బలం పరీక్షించాల్సిన 28 రోజులు స్లాబ్‌కు ఈ నెల 16తో నిండాయి. పరీక్షించుకుందామంటే చేతిలో ఏమీ లేదు.

మీ యాప్ తెరిస్తే మాత్రం మనసు చల్లబడుతుంది. ‘స్లాబ్ కాంక్రీటు, క్వాలిటీ చెక్ పూర్తయింది’ అని పచ్చ టిక్కు ఉంది. టైము ఏప్రిల్ 18 ఉదయం 10:40. అప్పటికి మొదటి బండి ప్లాంటు నుంచి బయల్దేరనే లేదు.

మిగతావి క్లుప్తంగా రాస్తాను. హాలు మూల పిల్లరు అడుగున అడుగున్నర ఎత్తున కంకర తేలి, తేనెతుట్టెలా బొక్కలు పడి కడ్డీలు కనిపించాయి. కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటరు పాడైందనీ, పదడుగుల పైనుంచి కాంక్రీటు గుమ్మరించారనీ పనివాళ్లే చెప్పారు. అంత ఎత్తు నుంచి పోయకూడదు, కోడ్ ఒప్పుకునేది మీటరున్నర వరకే. సాయంత్రానికల్లా ఎవరో వచ్చి సిమెంటు పూత పూసి వెళ్లారు. అంతకుముందే నేను ఫొటో తీశాను. హాలు అడ్డం 4.9 మీటర్లు, నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబ్‌కు కింద ఆధారంగా నిలిపే జాకీలు 14 రోజులు ఉంచాలి. ఇంకో సైట్‌కు కావాలంటూ మీ వాళ్లు పదో రోజునే, ఏప్రిల్ 28న, లాగేశారు. వాడింది నెమ్మదిగా బలపడే పీపీసీ సిమెంటు, పైగా ఏప్రిల్ ఎండ. పది రోజులైనా తడపాల్సిన స్లాబ్‌ను ఐదు రోజులు తడిపి వదిలేశారు. బోరు ఎండిపోయిందన్నారు. చివరి రెండు ట్యాంకర్లకు డబ్బులిచ్చింది నేనే.

ఇదంతా ఫోన్లో చెప్పినప్పుడు మీ ఆఫీసు వాళ్లు మూడు జవాబులిచ్చారు. మా మేస్త్రీకి 20 ఏళ్ల అనుభవం ఉందన్నారు. ఉంది, అందుకే ఆయన అనుమానమొచ్చి అడిగాడు. జవాబిచ్చేవాళ్లు లేకపోవడమే నా ఫిర్యాదు. దయచేసి ఈ లేఖ చూసి ఆయన మీద చర్య తీసుకోకండి. ఆ రాత్రి తన పని తాను చేసిన మనిషి ఆయనొక్కడే. రెండోది, మీ ఇంజనీరు 6 సైట్లు చూస్తారనీ, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలతో రోజూ పర్యవేక్షిస్తారనీ. 14వ క్లాజులో ‘సైట్‌లో’ అని ఉంది. ఫొటోలో కడ్డీ కనిపిస్తుంది గానీ దాని కింద ఎంత ఖాళీ ఉందో కనిపించదు. మూడోది, క్లాజు పాటించకపోతే జరిమానా ఎంతో ఒప్పందంలో రాయలేదు కదా అన్నారు. నిజమే, రాయలేదు. నేను స్టేజ్ పేమెంటు (పని దశను బట్టి కట్టే వాయిదా) 7 రోజులు ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ అని మాత్రం రాసుకున్నారు. జరిమానా రాయకపోయినా ఒప్పందం తప్పినందువల్ల కలిగిన నష్టాన్ని భర్తీ చేయమని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ చెబుతోంది.

ఇది నా అతి చాదస్తమని అనుకోకుండా ఒక విషయం. కేంద్ర ప్రభుత్వ నిర్మాణ శాఖ సీపీడబ్ల్యూడీ తన కాంట్రాక్టర్లతో రాసుకునే షరతుల్లో 36వ క్లాజు ఇదే విషయం మీద ఉంది. ఎంత పనికి ఎలాంటి అర్హత ఉన్న ఎంతమంది ఇంజనీర్లను సైట్‌లో పెట్టాలో ముందే రాస్తారు. పెట్టకపోతే నెలకింత చొప్పున బిల్లులో కోస్తారు. సైట్ ఆర్డర్ బుక్కులో, కొలతల పుస్తకంలో సంతకాల ద్వారా హాజరు లెక్క తేలుస్తారు. మా డిపోలో కూడా మెకానిక్ సంతకం లేకుండా బస్సు గేటు దాటేది కాదు.

ఇంకొకటి. మా ఇంటికి టీఎస్ బీపాస్‌లో (ఇళ్ల అనుమతులకు తెలంగాణ ప్రభుత్వం పెట్టిన ఆన్‌లైన్ పద్ధతి) స్వీయ ధ్రువీకరణ మీద అనుమతి తెచ్చుకున్నాం. ప్లాను ప్రకారం కడతానని హామీ ఇస్తూ సంతకం పెట్టింది నేను. రేపు ఏ తేడా వచ్చినా అధికారులు మొదట నన్నే అడుగుతారు. నా సంతకం నిజంగా నాదే, రిజిస్టర్లోలా ఒకే రోజు కూర్చుని పెట్టింది కాదు.

కాబట్టి నాకు కావలసింది ఇది. మీకూ నాకూ సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజనీరుతో, మీ ఖర్చుతో, మొత్తం స్లాబ్‌కూ పిల్లర్లకూ పగలగొట్టకుండా కాంక్రీటు నాణ్యత చూసే రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయించండి. అనుమానమున్న చోట కోర్లు (పరీక్షకు తొలిచి తీసే కాంక్రీటు ముక్కలు) తీయించండి. బాల్కనీ విషయంలో పూతలూ అతుకులూ ఒప్పుకోను. పగలగొట్టి మళ్లీ వేయాలని ఆ ఇంజనీరు అంటే వేయాల్సిందే. పై అంతస్తు పిల్లర్లు మొదలయ్యే ముందే 14వ క్లాజు ప్రకారం పూర్తికాలం ఉండే ఇంజనీరు పేరు, అర్హత పత్రాలు, ఫోన్ నంబరు నాకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆయన సంతకం చేసిన చెక్‌లిస్టు నా చేతికి రాకుండా కాంక్రీటు బండిని గేటు లోపలికి రానివ్వను. ఇంజనీరు రాని 64 రోజులకు ఆయన జీతం కింద పడే మొత్తాన్ని బిల్లులో తగ్గించి లెక్క పంపండి. ఈ మూడూ తేలేదాకా రెండో స్లాబ్ స్టేజ్ పేమెంటు 6 లక్షలు ఆపుతున్నాను. ఈ ఆలస్యానికి వడ్డీ వేస్తే ఒప్పుకోను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వక జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఇల్లు కట్టివ్వడం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ‘సేవ’ కిందికే వస్తుంది, చెల్లింపు 50 లక్షల లోపు కాబట్టి జిల్లా స్థాయిలోనే విచారిస్తారు. నాకు కోర్టుల చుట్టూ తిరిగే సరదా లేదు. షుగరుంది, మెట్లెక్కితే ఆయాసం. అయినా తిరుగుతాను.

బాల్కనీ కింద జాకీలు మాత్రం తీయనివ్వలేదు. వేరే సైట్‌కు అర్జెంటని మీ సూపర్‌వైజరు గత వారం రెండుసార్లు ట్రాలీ ఆటోతో వచ్చారు. అద్దె నా మీద వేసుకున్నా సరే, తీయొచ్చని ఒక ఇంజనీరు తన పేరు, తేదీ రాసి సంతకం పెట్టి ఇచ్చేదాకా అవి అక్కడే ఉంటాయి.

ఇట్లు,
ఇంటి యజమాని,
బోడుప్పల్ సైట్.

జతపరిచినవి: ఒప్పందం నకలు, సైట్ రిజిస్టరు పేజీల ఫొటోలు, నా డైరీ పేజీలు, మూడు బండ్ల చలాన్లు, యాప్ స్క్రీన్‌షాట్, పిల్లరు ఫొటోలు, కవర్ మీటరు రీడింగుల కాగితం.