ఈసారి నవంబర్ 14కి ఒక ఆలోచన

మామా,

చిత్తూరులో నీ బడి, పిల్లలు అందరూ బాగున్నారా? నేను జపాన్ నుంచి తిరుపతి వచ్చేశాను కానీ మనసింకా అక్క కొడుకు స్కూల్లోనే తిరుగుతోంది, ఫోన్లో చెప్తే తనివి తీరదని కూర్చొని రాస్తున్నా.

అక్కడ పిల్లల రోజు మే 5. ఆ వారమంతా వరసగా సెలవులు కాబట్టి స్కూల్లో ఏప్రిల్ చివర్లోనే చేసేశారు. నువ్వు చూసుండాల్సింది రా! పెద్ద గడకి బట్టతో కుట్టిన చేపలు కడతారు, కొయినొబోరి అంటారు వాటిని, తెరిచిన నోట్లోంచి గాలి దూరి ఒళ్ళంతా ఉబ్బి ఆకాశంలో ఈదుతుంటాయి. పైన నల్లది నాన్న, దాని కింద ఎర్రది అమ్మ, ఇంకా కింద చిన్నవి పిల్లలు. అవన్నీ కార్ప్ చేప బొమ్మలే. కార్ప్ చేప ఏటికి ఎదురీది జలపాతం ఎక్కితే డ్రాగన్ అవుతుందని ఒక పాత కథ ఉంది, పిల్లలూ అట్లా పైకి రావాలని వాటిని కడతారు. మన చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి కూడా ఆ కుటుంబమే, తెలుసా?

ముందు ఇది మగపిల్లల పండగంట. 1948లో చట్టం చేసి పిల్లలందరిదీ చేశారు, ఆ రోజు అమ్మకి కృతజ్ఞత చెప్పుకోవాలని కూడా అందులోనే రాశారు. అక్క ఆ మాట చెప్తుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అన్నిటికన్నా నచ్చింది ఏంటంటే, అక్కడ మైకు లేదు, ఉపన్యాసం లేదు. పిల్లలే అరచేతులకి రంగు పూసుకొని చేప మీద అద్దితే అవే పొలుసులు, పాత న్యూస్‌పేపర్ మడిచి సమురాయ్, అంటే అక్కడి పాతకాలపు యోధుల, టోపీలు చేసి పెట్టుకొని ఒకటే పరుగులు. చివర్లో కషివామోచి పెట్టారు, బియ్యప్పిండి ముద్దలో మన పూర్ణంలాగా తీపి చిక్కుడుగింజల ముద్ద, చుట్టూ ఓక్ ఆకు. కొత్త చిగురు వచ్చేదాకా ఆ చెట్టు పాత ఆకు రాల్చదట, వంశం నిలవాలని ఆ ఆకే చుడతారు.

మన దగ్గర నెహ్రూ గారి పుట్టినరోజున పిల్లలు వరసల్లో కూర్చుంటారు, పెద్దవాళ్ళు మాట్లాడతారు. నాకది బాధగా ఉంది మామా. ఈసారి నీ బడిలో ఉపన్యాసాలు ఆపించి చేపలు చేయిద్దాం. నవంబర్ అంటే మనకి వానలు, కాగితం నిలవదు, ఇంట్లో పాత చీరలు తెమ్మందాం, వరండాలో కడదాం. శ్రీకాళహస్తి నుంచి కలంకారీ వేసే ఆయన ఎవరైనా వస్తే పొలుసులు గీయడం చూపిస్తారు. ఆయన్ని పిలిచే పని నాది. హెడ్‌మాస్టర్‌తో మాట్లాడే పని నీది, ఈ వారమే అడుగు.

నీ కోసం ఒక చిన్న కొయినొబోరి తెచ్చా, తిరుపతి వచ్చినప్పుడు తీసుకుపో, కుట్టు ఎట్లా వేశారో చూసుకోవచ్చు.