19 మందిని అడిగితే చాలు

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ పిల్లల ఆరోగ్య కార్యక్రమం ఎలా పనిచేస్తోందో బయటి సంస్థతో మూల్యాంకనం చేయిస్తే ఏడాది బడ్జెట్‌లో పెద్ద భాగం దానికే పోతుందని రాశావు. ఆ పని చేయకు. పిల్లల టీకాలకి ఉండాల్సిన డబ్బు తీసి రిపోర్టు మీద పోయడం నాకు అస్సలు నచ్చదు. అలాగని కొలవకుండా వదిలేయమనీ అనను. జనానికి మేలు జరుగుతోందో లేదో తెలియకుండా ఏళ్ల తరబడి చేసుకుంటూ పోతే నష్టపోయేది వాళ్లే.

ముందు ఒకటి తేల్చుకో. ఈ లెక్క తేలితే నువ్వు ఏం మారుస్తావు? జవాబు ఎలా వచ్చినా మీ పని మారదనుకుంటే ఆ ప్రశ్న కొట్టెయ్. లేకపోతే ప్రశ్నల కాగితం చాంతాడంత అవుతుంది. అడిగేవాళ్లకీ విసుగు, చెప్పేవాళ్లకీ విసుగు.

ఇంకో మాట. పిల్లల మరణాలు తగ్గాయని నిరూపించాలని పట్టుబట్టకు. మీరు పనిచేసే కొద్ది జనాభాలో ఏడాదికి జరిగే మరణాలు తక్కువ. ఆ అంకె పెరిగినా తగ్గినా అది మీ పని వల్లో, ఊరికే అలా జరిగిందో చెప్పలేం. తట్టు టీకా, ఓఆర్‌ఎస్ ప్రాణాలు కాపాడతాయని ఎప్పుడో రుజువైంది. అవి అందాల్సిన బిడ్డకి అందాయా లేదా అన్నదే మీరు చూడాల్సింది. దానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు.

మొదట మీ రిజిస్టర్లు తిరగెయ్. ఉదాహరణకి, ఒకే ఏడాది పుట్టిన పిల్లల్లో మూడు డోసుల టీకా ఒకదాని మొదటి డోసు 200 మంది వేయించుకుని, మూడో డోసు 150 మందే వేయించుకున్నారనుకో. నూటికి 25 మంది మధ్యలో ఆగిపోయారన్నమాట. సాధారణంగా 10 శాతం దాటితేనే సమస్య ఉన్నట్టు లెక్క. పైగా ఈ అంకె దారి కూడా చూపిస్తుంది. మొదటి డోసుకే రాకపోతే దూరమో, భయమో, అసలు తెలియకపోవడమో కారణం కావచ్చు. ఒకసారి వచ్చి మళ్లీ రాలేదంటే, టీకా వేశాక జ్వరం వస్తే తల్లి భయపడిందా, తర్వాతి తేదీ ఎవరూ చెప్పలేదా, వచ్చిన రోజు టీకా లేదని తిప్పి పంపారా అని అడగాలి. రిజిస్టర్‌ని గుడ్డిగా నమ్మకు. అందులోంచి కొన్ని పేర్లు లాటరీ తీసి, వాళ్ల ఇళ్లకి వెళ్లి కార్డు చూపించమను.

ఇక సర్వే సంగతి. వేలమందిని అడగాలనే టెన్షన్ పెట్టుకోకు. 1920లలో ఫ్యాక్టరీల్లో ప్రతి వస్తువునీ పరీక్షించకుండా, ఒక్కో లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) నుంచి కొన్నిటినే చూసి తేల్చే పద్ధతి వచ్చింది. 1980ల నుంచి దాన్నే ఆరోగ్య కార్యక్రమాల్లో వాడుతున్నారు. పేరు ఎల్‌క్యూఏఎస్ (లాట్ క్వాలిటీ అష్యూరెన్స్ శాంప్లింగ్). నాకు చాలా ఇష్టమైన పద్ధతి ఇది. మీ ప్రాంతాన్ని సూపర్‌వైజర్ల వారీగా అయిదు ముక్కలు చేశావనుకో. ఒక్కో ముక్కలో 19 మంది తల్లుల్ని లాటరీతో ఎంచుకోవాలి. 80 శాతం పిల్లలకి టీకా అందాలన్నది లక్ష్యం అయితే, మీ బిడ్డకి టీకా వేయించారా అన్నప్పుడు 19 మందిలో 13 మంది లేదా అంతకంటే ఎక్కువమంది అవునంటే ఆ ముక్క పాస్. 12 లేదా అంతకంటే తక్కువైతే ముందు అక్కడికి పరుగెత్తాలి.

19లో 80 శాతం అంటే 15 కదా, 13 ఏమిటి అంటావు. లాటరీలో ఎవరు వస్తారన్నది అదృష్టం. 15 దగ్గర గీత గీస్తే నిజంగా బాగున్న చోటునీ చాలాసార్లు ఫెయిల్ చేసేస్తాం. 13 దగ్గర గీస్తే, నిజంగా 80 శాతం ఉన్న చోటు ఫెయిలయ్యే అవకాశం పదింట ఒకటి కంటే తక్కువ. 50 శాతమే ఉన్న చోటు పాసయ్యే అవకాశమూ అంతే. 65 శాతం దగ్గరున్న చోటు మాత్రం ఎటైనా పడొచ్చు. ఒక్కో ముక్కకి కచ్చితమైన శాతం దీంతో రాదు. అయిదూ కలిపితే 95 మంది అవుతారు, అప్పుడు మొత్తం ప్రాంతపు శాతం సుమారు 10 అటూ ఇటుగా తెలుస్తుంది. ముక్కల జనాభాలో బాగా తేడా ఉంటే దాన్నిబట్టి లెక్క సర్దుకోవాలి.

లాటరీ మాత్రం నిజాయితీగా తీయండి. దారి పక్క ఇళ్లూ, తెలిసినవాళ్ల ఇళ్లూ చుట్టి వస్తే 19 కాదు, 1,900 మందిని అడిగినా దండగే. ఇంటి జాబితా లేకపోతే ఊరివాళ్లతోనే మ్యాప్ గీయించి నంబర్లు వేయండి. ఎవరి ఊళ్లో వాళ్లు సర్వే చేయకుండా కార్యకర్తల్ని మార్చి పంపు. తన పనిని తనే కొలుచుకోమనడం వాళ్లకీ ఇబ్బందే.

అడిగే తీరు కూడా ముఖ్యం. "సబ్బుతో చేతులు కడుక్కుంటారా?" అంటే కాదనేవాళ్లు ఉండరు. "చేతులు ఎక్కడ కడుక్కుంటారో చూపిస్తారా?" అని అడిగి, అక్కడ నీళ్లున్నాయా, సబ్బుందా చూసి రాసుకోండి. సబ్బు కనిపించిందని వాడుతున్నట్టు కాదు గానీ, నోటిమాట కంటే నయం. విరేచనాల గురించైతే గత రెండు వారాల సంగతే అడగండి. అంతకు మించి గుర్తుండదు.

మార్పు మీవల్లే వచ్చిందా అన్నదే అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. జబ్బు బాగా పెరిగిన ఏడాది చూసి ఊళ్లు ఎంచుకుంటే, మీరు ఏమీ చేయకపోయినా మరుసటి ఏడు సాధారణంగా కొంత తగ్గుతుంది. కాబట్టి పోలిక ఉండాలి. కొత్త ఊళ్లకి పని విస్తరించేటప్పుడు అన్నిచోట్లా ఒకేసారి ఎలాగూ మొదలుపెట్టలేరు. ఆ వరసని లాటరీతో తేల్చండి. ఇంకా మొదలుకాని ఊళ్లే పోలికకి పనికొస్తాయి, ఎవరికీ అన్యాయమూ జరగదు. 1986లో గాంబియాలో హెపటైటిస్ బి టీకాని ఇలాగే దశలవారీగా ప్రవేశపెట్టారు. 1997లో మెక్సికోలో పేద కుటుంబాలకి డబ్బు సాయం చేసే ప్రోగ్రెసా పథకాన్నీ కొన్ని ఊళ్లలో ముందు, కొన్నిట్లో తర్వాత మొదలుపెట్టి పోల్చి చూశారు.

ఫలితాలు డబ్బిచ్చేవాళ్ల కంటే ముందు కార్యకర్తలకి చూపించు. ఫలానా ముక్క ఎందుకు వెనకబడిందో నీకూ నాకూ తట్టని కారణం వాళ్లు చెబుతారు. ఎవర్నీ తిట్టడానికి మాత్రం ఆ అంకెలు వాడొద్దు, వచ్చే ఏడు నిజం రాయరు.

ప్రశ్నల చిత్తుప్రతి తయారవగానే పంపు. పది ప్రశ్నలు దాటకుండా చూడు. లాటరీ ఎలా తీయాలో ఫోన్‌లో మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ నేస్తం